గోమారికి తొందర ఉండదు

చెన్నూరు దిక్కు అడవికి పోయేటోళ్లను ఆపి దేనికి భయమని అడిగితే ముందు పులి అంటరు. తప్పు కాదు. ప్రాణహిత అవతల తాడోబా అడవుల నుంచి పులి నది దాటి, కోటపల్లి, వేమనపల్లి మీదుగా కవ్వాల దిక్కు నడిచే తొవ్వ ఇదే. పులి తర్వాత ఎలుగుబంటి, పాము, అడవిపంది. గోమారి పేరు ఎవ్వరూ ఎత్తరు. పులిని కళ్లారా చూసినోళ్లు ఊరికి ఒకరిద్దరుంటే గొప్ప. గోమారి పట్టని కాలు మాత్రం ఈ దిక్కు దొరకదు.

నేను ఉద్యోగమంతా పసుల దవాఖానాలోనే చేసిన. డాక్టరును కాను. డాక్టరు చెప్పిన మందు వేసేటోణ్ని, బర్రె తన్నకుండా పట్టుకుని నిలబడేటోణ్ని. ఊళ్లల్లో మాత్రం అందరూ పసుల డాక్టరనే పిలిచిన్రు. ఎద్దుల చెవుల్లో, ఆవుల పొదుగు సందుల్లో, మేకల తోక కింద ఈ పురుగును చూసుకుంటనే పెన్షనుకు వచ్చిన. ఇప్పుడు ఇప్పపువ్వు ఏరేటోళ్లు, తునికాకు కోసేటోళ్లే కాదు, హైదరాబాదు నుంచి గుడారాలు తెచ్చుకుని గోదారి ఒడ్డున పడుకునే పిల్లలు కూడా అడవికి వస్తున్నరు. రెండు రకాలవాళ్లకూ పనికొచ్చేదే రాస్తున్న.

1. అది దుంకదు, ఎగరదు

చెట్టు మీది నుంచి నెత్తిన పడుతదని చాలామంది నమ్మకం. అదీ నిజం కాదు. గడ్డిపోచ కొసకో, పొద అంచుకో ఎక్కి, వెనుక కాళ్లతో పట్టుకుని, ముందుకాళ్లు చాపి కూర్చుంటది. ఆ ముందుకాళ్ల చివర చిన్న గుంటలాంటి అవయవం ఉంటది. మనం విడిచే ఊపిరి, ఒంటి వేడి, చెమట వాసన దానితోనే పసిగడతది. మనిషి కాలో, మేక పొట్టో గడ్డికి రాసుకుంటూ పోయినప్పుడు అంటుకుంటది. అక్కణ్నుంచి మెల్లగా పైకి పాకుతది. నెత్తిలో దొరికిన గోమారి కూడా చాలాసార్లు కాలి నుంచి బయలుదేరిందే. పసుల కొట్టాల్లో ఉండే ఒకటి రెండు జాతులు మాత్రం నేల మీద మనిషి దిక్కు ఉరికి వస్తయి.

ఈ సంగతి తెలిస్తే ఎక్కడ నడవాలో తెలుస్తది. బండ్ల బాట నడుమ నడవాలె. పసులు, జింకలు, పందులు తిరిగే సన్న తొవ్వకు రెండు పక్కలా మోకాలెత్తు గడ్డి ఉంటది చూడండి, గోమారి కాచుకునేది అక్కడే. ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింకలను చూడటానికి వచ్చే పట్నపోళ్లు ఫోటో కోసం సరిగ్గా ఆ గడ్డిలోనే మోకాళ్లూని కూర్చుంటరు.

2. నీడ బాగుందని అక్కడే పక్క వెయ్యొద్దు

అడవి అంచున మంచి నీడ ఉన్న చెట్టు మనకంటే ముందు పసులకు తెలుసు. మధ్యాహ్నం అవి నెమరేసుకుంటూ పడుకునేది ఆ చెట్టు కిందనే. రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బిన ఆడ గోమారి అక్కడ రాలిపడుతది. ఎండుటాకుల కిందికో, నెర్రెలోకో జరిగి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతది. గుడ్లన్నీ ఒక్కచోటనే పొదుగుతయి. పిల్లలు దగ్గర్లోని గడ్డికే ఎక్కి కూర్చుంటయి. వాటికి తిండి దొరకకున్నా నెలల తరబడి బతకగలవు. అంటే మంద పోయి చాలా రోజులైనా ఆ నీడ ఖాళీగా లేదన్నట్టు.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు అర్జునగుట్ట దిక్కు జనం కుటుంబాలతో వచ్చిన్రు. ఏప్రిల్ ఎండలో నీడ వెతుక్కోనిది ఎవరు? మేడారం పోయినా అంతే, కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు పోయినా అంతే. కార్తీకం నాటికి వానకాలపు గడ్డి ఇంకా నిలువునా ఉంటది, అది ఇంకొంచెం కష్టం. నేను చెప్పేది చెట్టు కింద కూర్చోవద్దని కాదు. పేడ, గిట్టల అచ్చులు ఉన్నయా చూడండి. ఉంటే ఇంకో చెట్టు చూసుకోండి. లేకుంటే ఎండుటాకులు దూరంగా ఊడ్చి, టార్పాలిన్ పరిచి కూర్చోండి. రాత్రి పడుకునేటట్టయితే మంచం ఉత్తమం. గుడారమైతే లోపలికి పోయిన ప్రతిసారీ జిప్పు మూయాలె. విడిచిన బట్టలు, తువ్వాలలు గడ్డి మీద ఆరేసేది మాత్రం మానుకోండి. కొమ్మకు తాడు కట్టుకోవచ్చు కదా.

3. బట్ట తెల్లగా ఉండాలె, కింద మూసి ఉండాలె

లేతరంగు బట్ట మీద పాకే గోమారి కనిపిస్తది, నల్లప్యాంటు మీద కనిపించదు. ప్యాంటు కొసలు సాక్సుల్లో దోపుకుంటే అది చర్మం దొరకక బట్ట మీదనే పైకి పాకాల్సి వస్తది. అప్పటికి మన కంట పడుతది. చూడటానికి బాగుండదని పిల్లలు ముఖం ముడుచుకుంటరు. అడవిలో వాళ్లను చూసేదెవరో నాకు తెల్వదు.

తునికాకుకు పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత నిండుచేతుల అంగీ తొడుక్కుంటరు. ముళ్లకు, ఎండకు, పురుగుకు అదే కవచం. చీర కింద పాత ప్యాంటు వేసుకుని, పాదాల దగ్గర తాడుతో కట్టుకునేటోళ్లను కూడా చూసిన. ఈ తెలివి దుకాణంలో అమ్మే ఏ క్యాంపింగు డ్రెస్సుకూ తీసిపోదు.

4. మందు రాసుకోండి, పసుల మందు మాత్రం కాదు

వేపనూనె, కానుగనూనె రాసుకుని పోవడం మా దిక్కు పాత అలవాటు. దాని బలం కొంతసేపే. చెమట పట్టినంక మళ్లీ రాసుకోవాలె. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్నదని సీసా మీద రాసి ఉన్న లేపనం ఇంకా గట్టిగా, గంటల తరబడి పనిచేస్తది. కాళ్లకు, చేతులకు, మెడకు రాయాలె. కళ్లకు, నోటికి, పుండ్లకు తగలనియ్యొద్దు. పసిపిల్లలకు ఏది ఎంత వాడాలో సీసా మీది మాట ప్రకారమే చెయ్యండి. పర్మెత్రిన్ అనేది బట్టలకు, బూట్లకు, గుడారానికి కొట్టే మందు. ఒంటికి రాసుకునేది కాదు. గ్వాలియర్‌లోని రక్షణశాఖ ప్రయోగశాల తయారు చేసిన డీఈపీఏ అనే నూనె కూడా ఉన్నది. కర్ణాటకలో అడవి పక్క ఊళ్లకు ప్రభుత్వం పంచేది అదే.

పసుల మీద కొట్టే డెల్టామెత్రిన్, సైపర్మెత్రిన్ సీసాలు ప్రతి ఇంట్లో సగం మిగిలి ఉంటయి. అవి నీళ్లలో కలిపి కాళ్లకు పూసుకున్నోళ్లను నేను ఎరుగుదును. బర్రె తోలు వేరు, మన తోలు వేరు. ఆ సీసా తాళం పెట్టె నుంచి బయటికి రావొద్దు.

5. అసలు మందు సాయంత్రపు చూపు

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినా ఒకటో రెండో ఎక్కుతయి. ఎక్కనియ్యకుండా చూడటం సగం పని. మిగిలిన సగం ఇంటికి వచ్చినంక ఉన్నది. నాకు తెలిసినంతలో అదే పెద్ద సగం.

గోమారికి తొందర ఉండదు. ఒంటి మీదికి ఎక్కిన వెంటనే కుట్టదు. మెత్తటి చోటు దొరికేదాకా తిరుగుతది. దొరికినంక నోటిని లోపలికి దించి అతుక్కుంటది. పెద్ద ఆడదైతే వారం దాకా తాగుతది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, దాని లాలాజలంలో మొద్దుబార్చే గుణం ఉన్నది. అందుకే తెల్వదు. చాలా జబ్బులు కుట్టిన క్షణంలో రావు, అది తాగుతూ ఉన్న గంటల్లో వస్తయి. అమెరికాలో లైమ్ జబ్బు మీద చూసినదాన్ని బట్టి, సాధారణంగా ఒక పగలూ రాత్రీ దాటి అతుక్కుని ఉంటేనే క్రిమి మనిషిలోకి దిగుతదని డాక్టర్లు అంటరు. అన్ని జబ్బులకూ ఇదే లెక్క కాదు, కొన్ని వైరసులకు నిమిషాలు చాలు. అయినా ఎంత తొందరగా పీకేస్తే అంత మేలనే మాటకు తిరుగు లేదు.

కోటపల్లి దిక్కు ఒక ఊళ్లో ఒక ముసలవ్వ ఉండేది. రోజూ దీపాల వేళ ఆవు ఒళ్లంతా చెయ్యి పెట్టి నిమిరేది. చెవి లోపల, గంగడోలు మడతల్లో, తొడల సందున. గోమారి తగిలితే పీకి నిప్పుల్లో వేసేది. “కండ్లు కనవడక చెయ్యి పెడుతున్న కొడుకా” అన్నది నాతోని. చుట్టుపక్కల జెర్సీ ఆవులకు గోమారి జ్వరం వచ్చి పాలు ఎండిన యేడు కూడా ఆమె ఆవు నిలబడ్డది. నాటు ఆవు కాబట్టి తట్టుకున్నదని డాక్టరు గారన్నరు. అదీ నిజమే. నేను మాత్రం ఆ చేతికి కూడా సగం మార్కులేసిన.

మనిషికీ అదే చెయ్యాలె. అడవి నుంచి వచ్చిన రెండు గంటల్లోపల సబ్బుతో రుద్దుకుని స్నానం చెయ్యాలె. ఇంకా అతుక్కోనివి నీళ్లతోనే పోతయి. తర్వాత వెతకాలె: చెవుల వెనుక, మెడ మీద వెంట్రుకల మొదళ్లలో, చంకల్లో, బొడ్డులో, మొలతాడు కింద, గజ్జల్లో, మోకాలి వెనుక, కాలివేళ్ల సందున. మొలతాడు, నాడా, బెల్టు బిగుసుకునే చోటు దానికి మహా ఇష్టం. నడిమి వయసు గోమారి నువ్వుగింజంతే ఉంటది, కండ్లకు పుట్టుమచ్చలాగ అనిపిస్తది. వేలికి మాత్రం గరుకు తెలుస్తది. అందుకే చూడటంతో సరిపెట్టుకోక తడమాలె. వీపు మనకు మనం చూసుకోలేం, మొగుడూ పెండ్లాలు ఒకరికొకరు చూసుకోవాలె. పిల్లల నెత్తి తల్లి చూస్తది, పేన్లు చూసే అలవాటు ఉన్నదే కదా. ఎవరూ చూడనిది ముసలోళ్లను. మేకల వెంట తిరిగి వచ్చిన తాతను కూర్చోబెట్టి వీపు చూసే మనవడు నాకు ఎక్కడా కనిపించలేదు.

విడిచిన బట్టలు మూలకు పడెయ్యకుండా బాగా కాగిన నీళ్లలో వెయ్యండి. చల్లనీళ్లకు గోమారి చావదు.

6. పీకే పద్ధతి

“బీడీ అంటియ్యి, అదే విడుస్తది” అంటరు మేకలోళ్లు. కిరసనాయిలు పోస్తరు, సున్నం పెడతరు, తంబాకు నమిలి అద్దుతరు. పట్నపోళ్లయితే వేజ్‌లైన్ పూస్తరు. ఇవన్నీ వద్దు. కాలినప్పుడు, ఊపిరాడనప్పుడు అది కడుపులో ఉన్నది మన పుండులోకే కక్కే ప్రమాదం ఉన్నది. పైగా విడిచేదాకా కూర్చోవడమంటే దానికి ఇంకా సమయం ఇచ్చినట్టే.

ముల్లు తీసే సన్నమొన చిమ్టా చాలు. గోమారి పొట్టను కాదు, చర్మానికి ఆనించి దాని మూతి దగ్గర పట్టాలె. తిప్పకుండా, గుంజకుండా, నిటారుగా, ఒక్క తీరుగా పైకి లాగాలె. కొంచెంసేపు మొరాయిస్తది, తర్వాత వస్తది. మూతి ముక్క లోపల మిగిలితే చిమ్టాతో సులువుగా వస్తే తియ్యండి, రాకుంటే సూదితో తవ్వొద్దు. చర్మమే దాన్ని బయటికి తోస్తది. ఆ చోటు, చేతులు సబ్బుతో కడిగి స్పిరిట్ అద్దండి. చిమ్టా లేనప్పుడు వేళ్లకు బట్టో, ప్లాస్టిక్ కవరో చుట్టుకుని పీకండి. కండ్లకు ఆనని గోమారి పిల్లలు వందల్లో ఒక్కసారే ఎక్కితే, ప్యాకింగు టేపు అంటించి లాగితే అతుక్కోనివన్నీ దానితోనే వస్తయి.

పీకిన గోమారిని గోటితో చిదమొద్దు. రాయి మీద పెట్టి నలిపి “టప్” మన్న చప్పుడు వినడం పసులకాడి పిల్లలకు సరదా. 2011 జనవరిలో అహ్మదాబాదు దగ్గర ఒక పల్లె నుంచి దవాఖానాకు వచ్చిన ఒక ఆడమనిషి చనిపోయింది, ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా ఆమె వెనుకే పోయిన్రు. మన దేశంలో క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం మొదటిసారి బయటపడ్డది అప్పుడే. అది పసుల మీది గోమార్లతో వచ్చే జబ్బు. కుడితేనే కాదు, చిదిమిన గోమారి రసం చేతి పుండుకు తగిలినా రావొచ్చు. కాబట్టి నిప్పుల్లో వెయ్యండి, లేదా టేపులో మడతపెట్టండి. ఆ టేపు మీద తేదీ రాసి పెట్టుకుంటే, జ్వరం వచ్చినప్పుడు డాక్టరుకు చూపెట్టొచ్చు.

7. పసులకాడి మనిషి మాట వినండి

రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. ఆ సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. దానికి నాలుగేండ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు ఆవుల టెక్సాస్ జ్వరం గోమారితో వస్తదని రుజువు చేసి అచ్చేసిన్రు. పురుగు కాటుతో జబ్బు పాకుతదని లోకానికి గట్టిగా చూపించిన తొలి పనుల్లో అదొకటి. అంతకుముందు ఆ మాట అన్నది మందలు తోలే మామూలు మనుషులు. చదువుకున్నోళ్లు నవ్విన్రు.

1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపోయినయి, వెంట మనుషులకు జ్వరాలు వచ్చినయి. అది కూడా గోమారి తెచ్చిన వైరసే. అక్కణ్నుంచి పశ్చిమ కనుమల వెంట కేరళ, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గ్ దాకా పోయింది. సింధుదుర్గ్ మనకు చాలా దూరం, చెన్నూరోళ్లు నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. కానీ అడవిలో కోతులు ఊరికే చచ్చిపడి ఉంటే ముట్టుకోకుండా ఫారెస్టోళ్లకో, పసుల దవాఖానాకో చెప్పండి. తోడి జంతువు చావు మనకు ముందస్తు కబురు.

8. జ్వరం వస్తే అడవి సంగతి చెప్పండి

వానలు ముదిరినంక మన దిక్కు ప్రతి జ్వరం మలేరియానో డెంగీనో అనే అనుకుంటరు. పరీక్షల్లో రెండూ లేవని వస్తే మనిషి ఇంటికొచ్చి గోలీలు మింగుతూ పడుకుంటడు. అక్కడే మోసపోతరు. పొదల్లో ఉండే నల్లి జాతి పిల్లపురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తది. అది గోమారి కాదు, దాని దగ్గరి చుట్టం. కండ్లకు ఆనదు. కుట్టిన చోట బీడీతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెల్వదు. అది ఉండేది కూడా చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద. గోమారితో వచ్చే టైఫస్ జ్వరం వేరే ఉన్నది, దాంట్లో అరచేతులకు, అరికాళ్లకు కూడా దద్దులు రావొచ్చు. రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే చౌక మందు ఉన్నది. తొందరగా మొదలుపెడితే మనిషి లేచి కూర్చుంటడు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల మీదికి, మూత్రపిండాల మీదికి, మెదడు మీదికి పోతది. ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలె, మెడికల్ షాపు పిల్లగాడు కాదు.

డాక్టరుకు మీరు ఒక్క మాట సాయం చెయ్యాలె: “పదిహేను రోజుల్లోపల అడవికి పోయిన సారూ, గోమారి పట్టింది” అని. చెప్పకుంటే ఆయనకు తెలిసే దారి లేదు. ఆడవాళ్లు ఆ నల్ల పక్కును సిగ్గుతో దాచిపెడతరు. నర్సమ్మకైనా చూపెట్టండి.

9. కొట్టం, కుక్క

మట్టిగోడ నెర్రెల్లో గుడ్లుంటయి. నెర్రెలు పూడ్చి అలకాలె. నాటుకోళ్లను కొట్టంలో తిరగనియ్యండి, ఏరి తింటయి. కుక్కను మంచం ఎక్కించుకునేటోళ్లకు నేను చెప్పేదేం లేదు. దాని చెవులు రోజూ చూడండి.

10. దూరదేశం పోయిన పిల్లలకు

న్యూజెర్సీలో, కనెక్టికట్‌లో మన పిల్లలు శనాదివారాలు గుడారాలేసుకుంటరు. ఆ దిక్కు జింకల గోమారి లైమ్ జబ్బు తెస్తది. కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి పేరు మీదనే ఆ పేరు వచ్చింది. కుట్టిన చోటు చుట్టూ ఎర్రటి వలయం పెద్దగవుతూ పోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలె. ఇంకొకటి ఉన్నది, మన తెలంగాణోళ్లకు గుండె ఆగే సంగతి. అక్కడి లోన్ స్టార్ అనే గోమారి కుడితే కొందరికి మేక, గొర్రె, పంది, ఆవు మాంసం దేనికీ ఒళ్లు ఒప్పుకోదు. రాత్రి తిన్న మటన్‌కు నాలుగైదు గంటల తర్వాత దద్దులు, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికి. కోడి, చేప మాత్రం తినొచ్చు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నయి. అమెరికా నుంచి, హైదరాబాదు నుంచి పిల్లాజెల్లలతో చెన్నూరు ఒడ్డుకు వచ్చేటోళ్లు ఉంటరు. వచ్చేటప్పుడు సంచిలో సన్నమొన చిమ్టాలు రెండు ఎక్కువ వేసుకోండి. ఒకటి మీ దగ్గర పెట్టుకుని, ఇంకొకటి మీ ఊళ్లో మేకలు కాసేటాయన చేతిలో పెట్టండి. ఎట్ల పీకాలో చూపెట్టి మరీ ఇయ్యండి.